జీన్ హాక్‌మన్: హీరో మొహం లేని పెద్ద నటుడి గురించి కాసేపు

పాతరీలు · శనివారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. మొన్న ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'ద కాన్వర్‌జేషన్' చూశాను. 1974 సినిమా, కొప్పోలా తీసింది. రెండు గాడ్‌ఫాదర్ సినిమాల మధ్యలో వచ్చిన చిన్న సినిమా కదా, ఓ అరగంట చూసి పడుకుందాం అనుకున్నా. మూడింటికి కూడా నిద్ర పట్టలేదు.

కథ నిజానికి ఇంతే. శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లో జనం మధ్య ఒక జంట నడుస్తూ మాట్లాడుకుంటుంది. వాళ్ళ మాటల్ని దూరం నుంచి మైకులతో పట్టే మనిషి హ్యారీ కాల్. ఊళ్ళోవాళ్ళ గుట్లు అమ్ముకుని బతుకుతాడు, తన గది తలుపుకి మాత్రం బోలెడు తాళాలు. పుట్టినరోజని ఇంటి ఓనరమ్మ గదిలో వైన్ సీసా పెట్టి వెళితే సంతోషించడు, అసలు లోపలికి ఎలా వచ్చిందని కంగారుపడతాడు. ఒంటిమీద పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు, వాన ఉన్నా లేకపోయినా. ఆ మనిషి గట్టిగా మాట్లాడిన సీన్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా వెనక నుంచి మెడ చూస్తే చాలు, భయపడుతున్నాడని తెలిసిపోతుంది. అదెలా చేశాడు?

జీన్ హాక్‌మన్ అంటే నాకు ఇన్నాళ్ళూ 'క్రిమ్సన్ టైడ్' కెప్టెనే. హాస్టల్ టీవీ రూమ్‌లో చూసిన సినిమా. జలాంతర్గామిలో డెంజెల్ వాషింగ్టన్ మీద కేకలేసే పెద్దాయన. ఇద్దరూ ఒకరేనా అని సినిమా అయ్యాక పేర్లు మళ్ళీ చూసుకున్నా.

తెలిసినవాళ్ళు రాయండి. తర్వాత ఏం చూడాలో కూడా చెప్పండి.

బెజవాడ_బాలు · రాత్రి 11:59

అన్నా, లెక్స్ లూథర్ని మర్చిపోతే ఎలా? మా తరానికి హాక్‌మన్ అంటే 1978 సూపర్‌మ్యాన్ విలనే. కామిక్స్‌లో లూథర్ బట్టతల వాడు. మనోడు గుండు కొట్టించుకోనన్నాడు, మీసం కూడా తీయనన్నాడు. డైరెక్టర్ రిచర్డ్ డానర్ "నువ్వు తీస్తే నేనూ నా మీసం తీసేస్తా" అని ఒప్పందం పెట్టాడట. హాక్‌మన్ గీయించుకుని వచ్చాడు. డానర్ తన మీసాన్ని చేత్తో పట్టుకుని పీకేశాడు. అది అతికించుకున్న మీసం 😂

టైటిల్స్‌లో ముందు మార్లన్ బ్రాండో పేరు, తర్వాత హాక్‌మన్ పేరు. సూపర్‌మ్యాన్ వేసిన కుర్రాడి పేరు ఆ తర్వాతే.

సుధామయి · ఆదివారం, ఉదయం 6:30

పాతరీలు గారూ, "అదెలా చేశాడు" అన్నారు కదా. ఆ ప్రశ్నకి ఆయనే ఒక జవాబు ఇచ్చుకున్నారు, అది సినిమాల్లోకి రాకముందు జరిగిన సంగతి.

పుట్టింది 1930 జనవరి 30న, కాలిఫోర్నియాలోని శాన్‌బెర్నార్డినోలో. పెరిగింది మాత్రం ఇల్లినాయ్‌లోని డాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో, అమ్మమ్మ ఇంట్లో. నాన్న అక్కడి దినపత్రికలో ప్రింటింగ్ ప్రెస్సు నడిపేవాడు. జీన్‌కి 13 ఏళ్ళప్పుడు ఒకరోజు వీధిలో ఆడుకుంటుంటే నాన్న కారులో పక్కనుంచే వెళ్ళాడు. కారు ఆపలేదు. చెయ్యి ఊపాడు, అంతే. ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నాడని ఆ ఊపులోనే పిల్లవాడికి అర్థమైపోయింది.

చిన్న చేతి కదలికలో ఎంత అర్థం ఉంటుందో ఆ రోజు తెలిసిందని, బహుశా అందుకే నటుణ్ణయ్యానేమోనని దశాబ్దాల తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ మాట చదివాక ఆయన సినిమాల్లో నేను మొహం కన్నా చేతులే ఎక్కువ చూస్తున్నా. హ్యారీ కాల్ టేపు వెనక్కి తిప్పే వేళ్ళు గుర్తున్నాయా?

16 ఏళ్ళకి వయసు ఎక్కువ చెప్పి అమెరికా సైన్యంలోని మెరైన్స్ దళంలో చేరిపోయారు. నాలుగున్నరేళ్ళు. చైనాలో కూడా పనిచేశారు, రేడియో ఆపరేటర్‌గా. రేడియో ఆపరేటర్ తర్వాతెప్పుడో చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని హ్యారీ కాల్ వేశాడన్నది నాకు భలే అనిపించే సంగతి. తల్లి 1962లో చనిపోయింది, సిగరెట్ నుంచి అంటుకున్న మంటల్లో. అప్పటికి కొడుక్కి ఇంకా సరైన సినిమా వేషం లేదు.

న్యూట్రల్‌గేర్ · ఉదయం 9:12

సుధ గారు బరువైన పోస్టు పెట్టారు, నేను కాస్త తేలిక చేస్తా.

మెరైన్స్ తర్వాత కొన్నాళ్ళు ఇల్లినాయ్ యూనివర్సిటీ, మధ్యలోనే వదిలేశాడు. ఆ పైన కాలిఫోర్నియాలో పాసడీనా ప్లేహౌస్ అనే నటన స్కూలు. అప్పటికే పాతికేళ్ళు దాటాయి. అక్కడ ఒక పొట్టి కుర్రాడితో దోస్తీ కుదిరింది. "వీళ్ళు ఎందుకూ పనికిరారు" అని తోటి విద్యార్థులు ఓటేసి మరీ తేల్చిన ఇద్దరు వీళ్ళే. ఆ పొట్టి కుర్రాడి పేరు డస్టిన్ హాఫ్‌మన్.

తర్వాత హాక్‌మన్ న్యూయార్క్ వెళ్ళిపోయాడు. వెనకాలే హాఫ్‌మన్ దిగాడు, హాక్‌మన్ దంపతుల చిన్న అపార్ట్‌మెంట్‌లో వంటగది నేల మీద పడుకునేవాడు. రాబర్ట్ డువాల్ కూడా ఆ బ్యాచే. ముగ్గురూ పనికోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు. హాక్‌మన్ చెప్పులషాపులో చేశాడు, సామాన్లు మోశాడు, టైమ్స్ స్క్వేర్‌లో ఒక రెస్టారెంట్ ముందు యూనిఫామ్ వేసుకుని తలుపు తీసే పని చేశాడు.

ఆ తలుపు దగ్గరే ఒకరోజు పాత పరిచయస్తుడు ఎదురై, నువ్వు ఇంతేనని ముందే తెలుసు అన్నట్టు ఒక మాట అని వెళ్ళాడు. ఆ మనిషి ఎవరన్నది మాత్రం రెండు రకాలుగా తిరుగుతోంది: కొందరు నటన స్కూలు మాస్టారంటారు, కొందరు మెరైన్స్ ఆఫీసరంటారు. ఎవరైతేనేం, బాగా గుచ్చుకుంది.

పాతరీలు · ఉదయం 9:40

అయితే ఫేమస్ అయ్యేసరికి వయసెంత?

న్యూట్రల్‌గేర్ · ఉదయం 9:51

1964లో బ్రాడ్‌వేలో 'ఎనీ వెడ్నస్‌డే' నాటకం బాగా ఆడింది. అదే ఏడాది 'లిలిత్' సినిమాలో ఒక చిన్న వేషం, హీరో వారెన్ బీటీ. బీటీ ఆయన్ని గుర్తుపెట్టుకుని 1967లో 'బోనీ అండ్ క్లైడ్'లో తన అన్న వేషం ఇప్పించాడు. ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అప్పటికి 37.

అదే ఏడాది ఇంకో తమాషా. 'ద గ్రాడ్యుయేట్'లో మిస్టర్ రాబిన్సన్ వేషానికి తీసుకుని, రిహార్సల్స్‌లోనే తీసేశారు. మామగారిలా కనబడటానికి వయసు చాలదన్నారు. ఆ సినిమాతో రాత్రికి రాత్రి స్టార్ అయింది ఎవరు? వంటగదిలో పడుకున్న కుర్రాడు.

తీసేసిన డైరెక్టర్ మైక్ నికల్స్ తర్వాత పిలిచి వేషాలిచ్చాడు. 1996 'ద బర్డ్‌కేజ్'లో ఛాందస సెనేటర్‌గా ఉండి చివర్లో చీర కట్టినంత పని, అదే గౌనూ విగ్గూ వేసుకుని క్లబ్బులోంచి జారుకునే సీన్ ఉంటుంది. చూడండి. ఈ కెప్టెనేనా అనుకుంటారు.

బ్రూక్లిన్_బాబాయి · ఉదయం 11:05

ఆలస్యంగా వచ్చా, మా టైమ్ వేరు. 'ద ఫ్రెంచ్ కనెక్షన్' గురించి ఇంకా ఎవరూ రాయకపోవడం ఘోరం.

నేనుండేది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో, బెన్సన్‌హర్స్ట్ దగ్గర. ఇళ్ళ మధ్యన రోడ్డు, రోడ్డు మీద ఇనప స్తంభాలు, వాటి పైన రైలు పట్టాలు. 1971 సినిమాలో హంతకుడు పైన రైలెక్కి పారిపోతుంటే, పోలీసు పాపాయ్ డోయల్ కింద కారులో తరుముతాడే, అది ఈ రోడ్లలోనే తీశారు. ఇప్పుడు ఆ లైన్లో డి ట్రైన్ నడుస్తుంది. చివర్లో డోయల్ తుపాకీ పేల్చే మెట్లు 62వ వీధి స్టేషన్‌వి. రోజూ కూరగాయల సంచితో ఎక్కుతుంటా. ఎండ స్తంభాల మధ్యనుంచి చారలు చారలుగా పడుతుంది కదా సినిమాలో, నిజంగా అలాగే పడుతుంది.

డోయల్ వేషానికి దర్శకుడు విలియమ్ ఫ్రీడ్‌కిన్ ముందు అనుకున్నది హాక్‌మన్‌ని కాదు. జిమ్మీ బ్రెస్లిన్ అనే పత్రికా కాలమిస్టుతో కూడా ప్రయత్నించాడు. ఆయనకి డ్రైవింగ్ రాదు, కార్ల సినిమాకి! ఆఖరికి హాక్‌మన్ దగ్గర ఆగింది. ఆయనకేమో నిజం పోలీసులతో తిరిగి, వాళ్ళు మనుషుల్ని కొట్టడం, జాతి పేరుతో తిట్టడం చూసి మనసు విరిగిపోయింది. షూటింగ్ మొదట్లోనే నావల్ల కాదు, ఇంకెవరినైనా పెట్టుకోమన్నాడు. ఫ్రీడ్‌కిన్ వదల్లేదు, రెచ్చగొట్టి రెచ్చగొట్టి చేయించుకున్నాడు. డోయల్ మొహంలో కనబడే చిరాకు పాత్రదెంతో, డైరెక్టర్ మీదదెంతో చెప్పలేం.

ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్: ఐదు ఆస్కార్లు. హీరోగా స్థిరపడేసరికి హాక్‌మన్‌కి 41 దాటాయి, పాతరీలు గారి ప్రశ్నకి ఇదీ జవాబు.

కొత్తకోణం · మధ్యాహ్నం 12:20

ఒప్పుకుంటా గానీ ఒక మాట. డోయల్ అమాయకుల్ని తన్నే, నల్లవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టే పోలీసు. ఆ ఛేజ్ కూడా జనం తిరిగే రోడ్ల మీద అంత వేగంగా కార్లు నడిపి తీసింది. పర్మిషన్లన్నీ సరిగ్గా లేకుండానే తీశామని ఫ్రీడ్‌కినే తర్వాత చెప్పుకున్నాడు. అలాంటిదాన్ని ఎంతకాలం చప్పట్లు కొడుతూ చూస్తాం?

సుధామయి · మధ్యాహ్నం 1:02

కొత్తకోణం గారూ, ఛేజ్ తీసిన పద్ధతి తప్పే, అందులో వాదన లేదు. డోయల్ విషయంలో మాత్రం ఒప్పుకోను. సినిమా అతణ్ణి మెచ్చుకోదు. ఆఖరికి ఏమవుతుంది? పొరపాటున తనవాళ్ళలో ఒకణ్ణే కాల్చేస్తాడు, ఒక్క క్షణం కూడా ఆగకుండా ముందుకి పోతాడు. హాక్‌మన్ అక్కడ ఏడుపు గానీ పశ్చాత్తాపం గానీ పెట్టలేదు. పెట్టుంటే మనం క్షమించేసేవాళ్ళం. మనచేత క్షమించనివ్వకపోవడమే ఆయన నటన.

బెజవాడ_బాలు · మధ్యాహ్నం 1:10

మేడమ్ క్లైమాక్స్ చెప్పేశారు 😭 నేను ఇంకా చూళ్ళేదు

నిర్వాహకుడు · మధ్యాహ్నం 1:30

యాభై ఏళ్ళు దాటిన సినిమా బాలూ. అయినా ముగింపులు చెప్పేముందు అందరూ ఒక మాట హెచ్చరించండి.

టేపురికార్డర్ · మధ్యాహ్నం 3:45

హెచ్చరిస్తున్నా: 'ద కాన్వర్‌జేషన్' ముగింపు చెప్పబోతున్నా. చూడనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి.

నేను హైదరాబాద్‌లో డబ్బింగ్, సౌండ్ ఎడిటింగ్ పని చేస్తా. మా వాళ్ళకి ఇది పాఠ్యపుస్తకం లాంటి సినిమా. హ్యారీ ఆ టేపుని మళ్ళీ మళ్ళీ శుభ్రం చేస్తే ఒక వాక్యం బయటికొస్తుంది. తెలుగులో చెప్పాలంటే "అవకాశం దొరికితే మనల్ని చంపేస్తాడు" అని. సినిమా అంతా మనకి వినబడేది "చంపేస్తాడు" మీద ఒత్తు. పాపం ఆ జంట ప్రాణభయంతో ఉందనుకుంటాడు హ్యారీ, మనమూ అనుకుంటాం.

చివర్లో అదే వాక్యం మళ్ళీ వస్తుంది, ఈసారి ఒత్తు "మనల్ని" మీద. ఒకసారి పైకి అని చూడండి. "మనల్ని చంపేస్తాడు." అంటే వాడు చంపేలోపు మనమే వాణ్ణి చంపేద్దాం అని. మాటలు అవే, అర్థం తిరగబడింది. ఎడిటర్ వాల్టర్ మర్చ్ నటుడు వేరేగా పలికిన ఇంకో టేక్‌ని తీసి అక్కడ వాడాడు. రీరికార్డింగ్‌లో చేసిన కనికట్టు కాదది, గొంతులోనే ఉంది తేడా.

ఇప్పుడు హాక్‌మన్ గురించి. ఈ సినిమాలో సగం సేపు ఆయన చేసే పని వినడం. వినడాన్ని నటించడం ఎంత కష్టమో మా డబ్బింగ్ థియేటర్‌లో రోజూ చూస్తుంటా. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చాలామంది మొహం ఖాళీ అయిపోతుంది, లేదా కనుబొమలు ముడేసి "నేను వింటున్నాను చూడండి" అని మనకి చూపిస్తారు. ఈయన రెండూ చేయడు. నాబ్ తిప్పుతూ, మధ్యలో చెయ్యి ఆపుతాడు. ఆ ఆగడంలో మనం కూడా ఆగిపోతాం. ఈ వేషం కోసం సాక్సోఫోన్ నేర్చుకున్నాడు కూడా. ఆఖరి సీన్‌లో తన గదిలోనే మైకు ఎక్కడుందో వెతుకుతూ నేల చెక్కలన్నీ పెకలించేసి, ఆ శిథిలాల మధ్య కూర్చుని వాయిస్తాడు.

సినిమా విడుదలైంది 1974 ఏప్రిల్‌లో. అమెరికా అంతా వాటర్‌గేట్ కుంభకోణంలో అధ్యక్షుడు నిక్సన్ రహస్యంగా రికార్డు చేసిన టేపుల గోల. ఆగస్టులో ఆయన రాజీనామా. స్క్రిప్టు అంతకు ఎన్నో ఏళ్ళ ముందుదే, కానీ చూసినవాళ్ళకి వార్తల్లోంచి తీసినట్టే అనిపించింది. కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి వచ్చింది. అమెరికాలో డబ్బులు రాలేదు.

పాతరీలు · సాయంత్రం 4:20

టేపురికార్డర్ గారూ, మీ పోస్టు చదివి ఆ రెండు సీన్లూ మళ్ళీ పెట్టి విన్నా. నిజమే! మొదటిసారి చూసినప్పుడు నా జ్ఞాపకమే తప్పనుకున్నా.

న్యూట్రల్‌గేర్ · సాయంత్రం 4:41

దీనికి కొసరు: 1998 'ఎనిమీ ఆఫ్ ద స్టేట్'లో హాక్‌మన్ మళ్ళీ నిఘా పరికరాల నిపుణుడే, పేరు బ్రిల్. కంప్యూటర్లో అతని పాత ఫైలు తెరిస్తే ఒక ఫొటో వస్తుంది. అది హ్యారీ కాల్ ఫొటోనే. పాతికేళ్ళ తర్వాత అదే మనిషి పేరు మార్చుకుని బతుకుతున్నాడన్నమాట.

కొత్తకోణం · సాయంత్రం 6:15

ఇక్కడ అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఇంకో ముల్లు. 'మిసిసిపీ బర్నింగ్', 1988. 1964లో మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల్ని, చేనీ, గుడ్‌మన్, ష్వెర్నర్‌లని, కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా వాళ్ళు చంపి మట్టికట్ట కింద పాతిపెట్టిన కేసు మీద తీశారు. సినిమాలో న్యాయం చేసేది ఎవరు? ఇద్దరు తెల్ల ఎఫ్‌బీఐ ఏజెంట్లు. నల్లవాళ్ళు ఏడవడానికి, పాడటానికి, ఇళ్ళు తగలబడుతుంటే చూడటానికి ఉన్నారు. ఆ ఉద్యమాన్ని నడిపింది వాళ్ళు. హూవర్ డైరెక్టర్‌గా ఉన్న కాలపు ఎఫ్‌బీఐ అయితే మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు వింటూ కూర్చుంది. కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ కూడా ఆ సినిమాని తప్పుపట్టారు. హాక్‌మన్ బాగా చేశాడు కాబట్టే ఆ అబద్ధం ఎక్కువమందికి ఎక్కింది, నా లెక్కలో.

సుధామయి · సాయంత్రం 7:03

ఇది మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. చివరి మాటతో సహా.

ఒక్క సీన్ కోసం మాత్రం ఆ సినిమాని పారేయలేను. హాక్‌మన్ వేసిన ఏజెంట్ ఆండర్సన్ తన తండ్రి గురించి చెప్పే సీన్. పక్క పొలం నల్ల రైతు ఒక కంచరగాడిదని కొనుక్కుంటాడు, ఊళ్ళో అందరూ వాడు బాగుపడుతున్నాడని చెప్పుకుంటారు. ఒకరోజు ఆ జంతువు చచ్చిపడి ఉంటుంది, ఎవరో నీళ్ళలో విషం కలిపారు. కారులో ఆ పొలం దాటుతుండగా తండ్రి మొహం చూసి కొడుక్కి తెలిసిపోతుంది, ఆ పని చేసింది నాన్నేనని. హాక్‌మన్ ఆ కథని బాధగా చెప్పడు. కొంచెం నవ్వు మొహంతో, ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన కథలాగా చెప్తాడు. కారు, తండ్రి, మాట లేకుండా అర్థమైపోవడం. డాన్‌విల్ వీధి గుర్తొచ్చింది నాకు. రాసినవాళ్ళు ఆ ఉద్దేశంతో రాయకపోవచ్చు.

బ్రూక్లిన్_బాబాయి · రాత్రి 8:30

ఆ సినిమాకి బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి సిల్వర్ బేర్ వచ్చింది. ఆస్కార్‌కి నామినేట్ అయ్యాడు గానీ రాలేదు. ఎవరికొచ్చింది? చెప్పుకోండి చూద్దాం.

బెజవాడ_బాలు · రాత్రి 8:33

వంటగది కుర్రాడికేనా???

బ్రూక్లిన్_బాబాయి · రాత్రి 8:40

శభాష్. 'రెయిన్ మ్యాన్'కి డస్టిన్ హాఫ్‌మన్. ఇంకా విచిత్రం, అంత స్నేహం ఉండి కూడా ఇద్దరూ ఒక సినిమాలో కలిసి నటించింది 2003 'రన్‌అవే జ్యూరీ'లోనే. కలిసి ఉన్నది కోర్టు బాత్‌రూమ్‌లో ఒకే ఒక్క పెద్ద సీన్.

న్యూట్రల్‌గేర్ · రాత్రి 9:15

నాకిష్టమైన విలన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. 'అన్‌ఫర్‌గివెన్', 1992. షెరిఫ్ లిటిల్ బిల్. ఇంట్లో ఆడపిల్లలకి తన హింసాత్మక సినిమాలు నచ్చడం లేదని ముందు వద్దన్నాడు. డైరెక్టర్ క్లింట్ ఈస్ట్‌వుడ్ పట్టుబట్టి ఒప్పించాడు, రెండో ఆస్కార్ వచ్చింది, ఈసారి సహాయనటుడిగా.

లిటిల్ బిల్ ఊరికోసం తుపాకులు నిషేధిస్తాడు, శాంతిభద్రతలు అంటాడు, ఆ శాంతి కోసమే మనుషుల్ని కొరడాతో చావగొడతాడు. తనని తాను మంచివాణ్ణనే అనుకుంటాడు. ఖాళీ దొరికితే ఇల్లు కట్టుకుంటుంటాడు, సొంత చేతులతో. చేతకాని వడ్రంగి. వాన పడితే అన్ని చోట్లా కారుతుంది, కింద గిన్నెలు పెట్టుకుంటాడు. ఊళ్ళోవాళ్ళు వెనకాల నవ్వుతారు. ఈ కారే ఇంటి ముచ్చట లేకపోతే వాడు మామూలు దుర్మార్గుడు. అదుండబట్టి మా వీధిలో ఉండే మనిషిలా అనిపిస్తాడు. చనిపోయేముందు కూడా వాడి బాధ అదే: ఇలా చావాల్సినవాణ్ణి కాదు, ఇల్లు కట్టుకుంటున్నా.

(బాలూ, సారీ.)

బెజవాడ_బాలు · రాత్రి 9:18

ఇక ఈ థ్రెడ్‌లో నాకు చూడటానికేం మిగల్లేదు

తెలుగుకోచ్ · రాత్రి 10:02

స్కూల్ పీఈటీ సార్‌ని. 'హూజియర్స్' (1986) ఒక్కటే చూశా, పదిసార్లు చూసుంటా. ఇండియానాలో చిన్న ఊరి స్కూలు బాస్కెట్‌బాల్ టీమ్ రాష్ట్ర ఛాంపియన్ అవుతుంది. 1954లో మైలాన్ అనే ఊరి స్కూలు నిజంగా గెలిచిన కథ ఆధారం. సినిమాలో ఫైనల్‌కి పెద్ద స్టేడియంలోకి వచ్చి పిల్లలు బిక్కచచ్చిపోతే, కోచ్ టేపు తెప్పించి బుట్ట ఎత్తు కొలిపిస్తాడు. పదడుగులు. మన ఊరి జిమ్‌లోనూ అంతే కదా అంటాడు. నేను జిల్లా పోటీలకి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఇది నిజంగా చేశా. ఓడిపోయాం, అది వేరే విషయం. ఆ టేపు మటుకు ఇంకా నా బ్యాగులో ఉంది.

సుధామయి · రాత్రి 10:20

😊 డాన్‌విల్ ఇండియానా సరిహద్దు పక్కనే కదా సార్. ఆయనకి అది పరాయి నేల కాదు.

కొత్తకోణం · సోమవారం, ఉదయం 8:05

సెట్లో మనిషి మాత్రం కష్టమట. 'ద రాయల్ టెనెన్‌బామ్స్' (2001) వేషాన్ని వెస్ ఆండర్సన్ ఆయన వద్దంటున్నా ఆయన కోసమే రాశాడు. ఒప్పుకున్నాక కూడా ఆ కుర్ర డైరెక్టర్‌ని సెట్లో తిట్టిపోశాడు. బిల్ మర్రీ తన షూటింగ్ లేని రోజుల్లో కూడా డైరెక్టర్‌కి అండగా వచ్చి నిలబడేవాడని అందరూ చెప్తారు. గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, నిజమే. గొప్ప నటుడైతే కింద పనిచేసేవాళ్ళు మాటలు పడాలా?

టేపురికార్డర్ · ఉదయం 9:30

పడక్కర్లేదు. మా ఫీల్డ్‌లో ఇలాంటి "గొప్పవాళ్ళ" చేత పడ్డవాణ్ణి. అది మేధావి లక్షణం అని సమర్థించేవాళ్ళంటేనే నాకు ఇంకా ఒళ్ళు మంట. సినిమా మాత్రం నాకు చాలా ఇష్టం. రెండూ నిజమే, ఏం చేద్దాం.

ఇంకో వైపు కూడా ఉంది. 1974లోనే 'యంగ్ ఫ్రాంకెన్‌స్టయిన్'లో నాలుగు నిమిషాల గుడ్డి సన్యాసి వేషం. కామెడీ చేయాలని సరదాపడి, టెన్నిస్ మిత్రుడు జీన్ వైల్డర్ ద్వారా అడిగి వేయించుకున్నాడు. విడుదలైనప్పుడు టైటిల్స్‌లో పేరు కూడా లేదు, చాలామంది గుర్తుపట్టలేదు. రాక్షసుడు పారిపోతుంటే ఆగు, ఎస్‌ప్రెసో పెడదామనుకున్నా అని వెనక నుంచి కేకేస్తాడు. ఆ మాట అప్పటికప్పుడు ఆయన కలిపిందే.

పాతరీలు · ఉదయం 10:10

2004 తర్వాత ఎందుకు చేయలేదు? 74 ఏళ్ళకి మానేశాడు. అక్కడివాళ్ళు 90 దాకా చేస్తారు కదా.

బ్రూక్లిన్_బాబాయి · ఉదయం 10:55

గుండె. 1990లోనే యాంజియోప్లాస్టీ అయింది. తర్వాత ఒక డాక్టరు ఈ టెన్షన్ నీ గుండెకి మంచిది కాదన్నాడని ఆయనే చెప్పుకున్నాడు. ఆఖరి సినిమా 'వెల్కమ్ టు మూస్‌పోర్ట్', దాన్ని వదిలేద్దాం. వీడ్కోలు సభలేవీ పెట్టుకోలేదు. న్యూమెక్సికోలో శాంటా ఫే దగ్గర ఇంట్లో బొమ్మలు వేసుకుంటూ, నవలలు రాసుకుంటూ ఉండిపోయాడు. మూడు నవలలు సముద్రగర్భ పురావస్తు నిపుణుడైన డేనియల్ లెనిహన్‌తో కలిసి, ఆ తర్వాత రెండు సొంతంగా. అంతకుముందు కార్ రేసుల పిచ్చి. 1983లో డేటోనా 24 గంటల రేసులో నిజం రేసర్ల పక్కన నడిపాడు. ఫ్రెంచ్ కనెక్షన్ చూసినవాళ్ళకి ఇది ఆశ్చర్యం కాదులెండి.

అల్బుకర్కీ_అక్క · ఉదయం 11:40

నేను న్యూమెక్సికోలోనే నర్సుగా పనిచేస్తున్నా. ఎవరైనా తప్పుగా రాసేలోపు చెప్తాను, 2025 ఫిబ్రవరి 26న ఆయన, భార్య బెట్సీ అరకావా, ఒక కుక్క ఇంట్లో చనిపోయి కనిపించారు. మొదటి రోజుల్లో సోషల్ మీడియాలో గ్యాస్ లీకని, హత్యని ఏవేవో రాశారు. అవేవీ కాదు.

ముందు పోయింది ఆవిడ, 65 ఏళ్ళు, హాంటావైరస్‌తో. మా రాష్ట్రంలో ఇది తెలిసిన జబ్బే, 1993లో ఇటువైపే బయటపడింది. డీర్ మౌస్ అనే ఎలుకల రెట్ట, మూత్రం ఎండి దుమ్ములో కలిస్తే, ఊపిరితో లోపలికి పోతుంది. మొదట ఫ్లూలాగే ఉంటుంది, ఊపిరితిత్తులకి చేరాక చాలా త్వరగా ముంచేస్తుంది. ఇక్కడి రకం మనిషి నుంచి మనిషికి అంటదు. షెడ్లు, పాత కార్లు శుభ్రం చేసేటప్పుడు ఊడ్వకండి, ముందు బ్లీచ్ నీళ్ళు చల్లి తడిపి తుడవండి అని ప్రతి ఏడూ చెప్తాం.

ఆయనకి 95. గుండెజబ్బు, దాంతోపాటు బాగా ముదిరిన అల్జీమర్స్. ఆవిడే అన్నీ చూసుకునేది. పేస్‌మేకర్‌లో ఆఖరి కదలిక ఫిబ్రవరి 18న. అంటే ఆవిడ పోయాక సుమారు వారం రోజులు ఆయన ఆ ఇంట్లో ఉన్నారు. ఆవిడ చనిపోయిందన్న సంగతి ఆయనకి తెలిసి ఉండకపోవచ్చని వైద్యాధికారులన్నారు.

ఆ వారం నా డ్యూటీలో రోజూ ఇదే మాట. మా పేషెంట్లలో ఇలాంటి జంటలు చాలామంది, ఒకరే ఇంకొకరికి దిక్కు. ఆ తర్వాత వంటింట్లో మా అమ్మకి రోజూ ఫోన్ చేసే టైమ్‌కి అలారం పెట్టుకున్నా. ఏలూరులో ఒక్కతే ఉంటుంది.

సుధామయి · మధ్యాహ్నం 12:15

అక్కా, ఇంత వివరంగా తెలీదు నాకు. థాంక్స్.

బెజవాడ_బాలు · మధ్యాహ్నం 12:31

అమ్మకి నేనూ చేస్తున్నా ఇప్పుడే.

పాతరీలు · శుక్రవారం, రాత్రి 1:25

మీరందరూ చెప్పినవాటిలో ఎవరూ పేరెత్తనిది ఒకటి దొరికింది. 'స్కేర్‌క్రో', 1973, పక్కన అల్ పచినో. దాంతోనే మొదలుపెట్టా. ఆయన తన సినిమాల్లో బాగా ఇష్టపడింది ఇదేనట, జనం చూడలేదని బాధపడ్డారట. కాన్‌లో ఆ ఏడాది పెద్ద బహుమతి పంచుకుంది. మరుసటేడు 'ద కాన్వర్‌జేషన్'కి. వరుసగా రెండేళ్ళు గెలిచిన సినిమాల్లో ఒకే నటుడు!

ముగింపు చెప్తున్నా, బాలూ కళ్ళు మూసుకో.

మ్యాక్స్ జైలు నుంచి వచ్చినవాడు. చలికి చొక్కా మీద చొక్కా తొడుక్కుని తిరుగుతాడు, ఎవరినీ నమ్మడు, మాట తేడా వస్తే చెయ్యి చేసుకుంటాడు. పిట్స్‌బర్గ్ వెళ్ళి కార్లు కడిగే షాపు పెట్టాలని వాడి ప్లాను. దారిలో దొరికిన స్నేహితుడు ఆఖరికి మతి చెదిరి ఆసుపత్రి పాలవుతాడు. మ్యాక్స్ టికెట్ కౌంటర్‌కి వెళ్తాడు. డబ్బు చాలదు. బూటు విప్పి, మడమ దగ్గర దాచుకున్న నోటు తీసి ఇచ్చి, ఊడిన మడమని అతికించడానికి బూటుని కౌంటర్ మీద టపటపా కొడుతుంటాడు. సినిమా అయిపోయింది. ఒక్క డైలాగ్ లేదు దాని గురించి.

సుధ గారూ, మీరన్నట్టు చేతులే చూస్తూ కూర్చున్నా.

సుధామయి · ఉదయం 6:10

వాడు కొన్నది రిటర్న్ టికెట్. గమనించారా?

పాతరీలు · ఉదయం 6:52

లేదండీ. మళ్ళీ పెడుతున్నా.